‘బ్యాచ్‌లు నిండినయ్’ అని పంపించేశారా? అయితే జూన్‌లో వెళ్లండి

అడిగినావిడ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లో అద్దెకుంటున్నారు. పాపకు 10 ఏళ్లు, బాబుకు 6. అత్తగారికి 64, మోకాళ్ల నొప్పులు. ఇద్దరు పిల్లలకు ప్రైవేటు అకాడమీ ఫీజు కట్టే స్తోమత లేదు. ఏప్రిల్ ఆఖర్లో దగ్గర్లోని జీహెచ్ఎంసీ (నగరపాలక సంస్థ) స్పోర్ట్స్ కాంప్లెక్సుకు వెళ్తే, గేటు దగ్గర వాచ్‌మన్ "బ్యాచ్‌లన్నీ నిండినయ్" అని పంపించేశాడట. సర్కారు గ్రౌండ్లలో నిజంగా నేర్పిస్తారా, స్విమ్మింగ్ పూల్ నీళ్లు శుభ్రంగా ఉంటాయా, ఎలా చేరాలి, అత్తగారికి పనికొచ్చేది ఏమైనా ఉందా అని అడిగారు.

అమ్మా, నేను 31 ఏళ్లు సర్కారు బడుల్లో పీఈటీగా (ఆటలు నేర్పే టీచర్), చివర్లో పీడీగా (ఫిజికల్ డైరెక్టర్) చేసి రిటైరయ్యాను. పొద్దున్నే గ్రౌండుకు వెళ్లే అలవాటు మాత్రం పోలేదు. నా పిల్లలు, ఇప్పుడు మనవరాలు కూడా ఇలాంటి చోట్లే ఆట నేర్చుకున్నారు. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ వాచ్‌మన్ మాట. అతను అబద్ధం చెప్పి ఉండడు. మీరు వెళ్లిన రోజులే అలాంటివి. జీహెచ్ఎంసీ ఏటా ఏప్రిల్ చివరి వారంలో వేసవి శిక్షణ శిబిరాలు మొదలుపెట్టి మే నెలాఖరు దాకా నడుపుతుంది. 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు. ఈ మధ్య ఏళ్లలో ఫీజు చాలా ఆటలకు 10 రూపాయలు, షటిల్, టెన్నిస్, స్కేటింగ్, క్రికెట్ లాంటి కొన్నిటికి 50 రూపాయలు. ఆ డబ్బుకు నెలకు పైగా శిక్షణ ఇస్తుంటే జనం రాకుండా ఎలా ఉంటారు? బడులకు సెలవులు, ఇంట్లో పిల్లల గోల, బయట ఎండ. బస్తీ బస్తీ అంతా ఒకేసారి గేటు దగ్గరే ఉంటుంది.

కానీ ఆ శిబిరాల్లో లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు, నేనూ నడిపాను కాబట్టి. షటిల్ హాల్లో ఒక కోచ్, ఎదురుగా 40 మంది పిల్లలు, 2 గంటల సమయం. లెక్క వేయండి: ఒక్కో పిల్లకు కోచ్ చేయి అందేది 3 నిమిషాలు. ఎంత మంచి కోచ్ అయినా అంతకన్నా ఏం చేయగలడు? వార్మప్ చేయించి, వరసలో నిలబెట్టి, తలా నాలుగు షటిల్స్ వేసి పక్కకు పంపుతాడు. పిల్లలకు సరదా, గ్రౌండు అలవాటు, పొద్దున లేచే అలవాటు వస్తాయి. అవి చిన్న లాభాలేం కాదు. ఆట మాత్రం రాదు.

తెలంగాణలో బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఆ వారం తర్వాత అదే హాలుకు వెళ్లి చూడండి. 40 మందిలో 9 మంది మిగులుతారు. అదే కోచ్, అవే కోర్టులు. ఇప్పుడు ఒక్కొక్కరి రాకెట్ పట్టు సరిచేసే తీరిక ఆయనకు ఉంటుంది, పిల్లల పేర్లు గుర్తుంటాయి, రాని రోజు "నిన్న ఎందుకు రాలేదు రా" అని అడుగుతాడు. సర్కారు గ్రౌండులో పిల్లలకు ఆట వచ్చేది ఈ జూన్ నుంచి మార్చి దాకా ఉన్న తొమ్మిది పది నెలల్లోనే. మే నెలలో చోటు దొరకలేదని మీరు బాధపడుతున్నారు. అసలు బాధపడాల్సింది, జూన్‌లో చోటు ఖాళీగా ఉన్నా ఎవరూ రాకపోవడం గురించి. నేను ఏళ్ల తరబడి తల్లిదండ్రులకు చెబుతున్నది ఈ ఒక్క మాటే.

ఇవేవో కబుర్లు చెప్పడం లేదు. సైనా నెహ్వాల్ కుటుంబం హర్యానా నుంచి ఇక్కడికి వచ్చాక, 1998 డిసెంబరులో తండ్రి ఆమెను ఎల్బీ స్టేడియానికి తీసుకెళ్లి కోచ్ నాని ప్రసాద్‌కు చూపించారు. వేసవి శిక్షణలో చేర్చమన్నారు ఆయన. తర్వాత రాజేంద్రనగర్ వైపు నుంచి తండ్రి రోజూ స్కూటర్ మీద తీసుకొచ్చి దింపేవారు. వేసవి అయిపోయాక ఆ స్కూటర్ ఆగలేదు. 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్యం వెనక ఉన్నది ఆ ఆగకపోవడం. పీవీ సింధు తొలి పాఠాలు కూడా సికింద్రాబాద్‌లో, రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ సంస్థ కోర్టుల్లో, మెహబూబ్ అలీ దగ్గర. మీ పాప ఒలింపిక్స్‌కు పోవాలని నేను అనడం లేదు. మామూలు హాళ్లలో, మామూలు రోజుల్లో కూడా ఆట పుడుతుందని చెబుతున్నాను.

ఇక ఎక్కడికి వెళ్లాలి అన్నది. మన ఊళ్లో ‘స్టేడియం’ అన్న మాటకు యజమానులు వేరు వేరు. ఇది తెలియక చాలామంది ఒక కౌంటర్ దగ్గర ఇంకో కౌంటర్ విషయం అడిగి విసిగిపోతారు. జీహెచ్ఎంసీవి కొన్ని: మీకు దగ్గర్లోని విజయనగర్ కాలనీ, చాదర్‌ఘాట్ దగ్గరి విక్టరీ ప్లే గ్రౌండ్, అంబర్‌పేట, మొగల్‌పుర, సికింద్రాబాద్ లాంటివి. పాతవాళ్లు వీటిని ఇప్పటికీ ‘ఎంసీహెచ్ గ్రౌండ్’ అనే అంటారు. ఎంసీహెచ్ అంటే పాత హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్. 2007లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు అందులో కలిసి జీహెచ్ఎంసీ అయ్యింది కానీ ఆటో డ్రైవర్‌ను అడిగేటప్పుడు పాత పేరే పనికొస్తుంది. ఎల్బీ స్టేడియం, యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కర్ రెడ్డి ఇండోర్ స్టేడియం, సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం, గచ్చిబౌలి స్టేడియం రాష్ట్ర స్పోర్ట్స్ అథారిటీవి. గచ్చిబౌలిది 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల కాలంలో కట్టింది. వీటి ఫీజులు, ఫారాలు, కోచ్‌లు అన్నీ వేరు. ఇవి కాక కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్ల కమ్యూనిటీ హాళ్లు ఉంటాయి. చాలా హాళ్లలో పొద్దున యోగా, సాయంత్రం క్యారమ్స్ నడుస్తాయి, బోర్డు ఉండదు. కాలనీ సెక్రటరీని అడిగితేనే తెలుస్తుంది.

మీకు నా సలహా: ఇంటికి దగ్గరున్నదే ఎంచుకోండి. గచ్చిబౌలిలో సింథటిక్ ట్రాక్ బాగుంటుంది, నిజమే. మెహదీపట్నం చౌరస్తా దాటి, టోలీచౌకి ట్రాఫిక్ దాటి రోజూ ఎవరు తీసుకెళ్తారు? మూడో వారానికి మానేస్తారు. నడిచి వెళ్లగలిగేంత దూరం, లేదా ఒక్క బస్సు. అంతకు మించితే ఎంత గొప్ప స్టేడియమైనా మీ పిల్లలకు ఉపయోగం లేదు.

చేరే పద్ధతి. జీహెచ్ఎంసీ స్పోర్ట్స్ వెబ్‌సైట్‌లో సభ్యత్వం, స్లాట్ బుకింగ్ ఉన్నాయి. ఫోన్‌లో అందులో ఏముందో ముందు చూసుకోండి. కానీ డబ్బు కట్టే ముందు ఒకసారి స్వయంగా గ్రౌండుకు వెళ్లాల్సిందే. ఎందుకంటే వెబ్‌సైట్‌లో ‘స్విమ్మింగ్ పూల్’ అని ఉండొచ్చు, అక్కడ పూల్‌కు మరమ్మతులు నడుస్తుండొచ్చు. ‘జిమ్నాస్టిక్స్’ అని ఉండొచ్చు, కోచ్ బదిలీ అయి ఉండొచ్చు. వెళ్లేటప్పుడు పాప, బాబు ఆధార్ జిరాక్సులు, పుట్టిన తేదీ రుజువు, తలా నాలుగు పాస్‌పోర్ట్ ఫొటోలు సంచిలో వేసుకోండి. స్విమ్మింగ్ అయితే డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు. బస్తీ దవాఖానాలో అడిగి చూడండి, ఇస్తే అదే చాలు.

గేటు దగ్గర వాచ్‌మన్‌ను ‘చోటుందా’ అని అడగకండి. ‘ఇన్‌ఛార్జ్ సార్ ఎన్నింటికి ఉంటారు, షటిల్ కోచ్ ఎన్నింటికి వస్తారు’ అని అడగండి. ఆయన వచ్చే వేళకు వెళ్లి కలవండి. పేరు, ఫోన్ నంబర్ రాయించి ‘ఎవరైనా మానేస్తే చెప్పండి సార్’ అనండి. నేను శిబిరం నడిపిన ప్రతి ఏడూ రెండో వారంలో పదీ పదిహేను మంది మానేసేవాళ్లు: ఊరికి పోయేవాళ్లు, పొద్దున లేవలేనివాళ్లు. మళ్లీ వచ్చి అడిగిన తల్లులకు ఆ చోట్లు ఇచ్చేవాళ్లం. వాచ్‌మన్ మాట విని వెళ్లిపోయినవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

డబ్బు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఆన్‌లైన్‌లో కట్టండి, లేదా రసీదు తీసుకోండి. కొన్నేళ్ల కింద మా బస్తీ పిల్లలు 11 మందిని ఒక గ్రౌండులో చేర్పించాను. తెలిసిన మనిషే కదా అని నెల ఫీజు చేతికిచ్చాను, రసీదు అడగలేదు. 20 రోజులకు ఆ మనిషి వేరే చోటికి మారాడు. కొత్తాయన రిజిస్టర్ తీసి చూస్తే 11 మందిలో ఒక్కరి పేరూ లేదు. పిల్లలు రాకెట్లు పట్టుకుని గేటు బయట నిలబడ్డారు. అందులో ఒకమ్మాయి వాళ్ల నాన్న ఆటో నడిపే మనిషి, రెండు రోజుల సంపాదన అది. ఆ ఫీజు నేనే మళ్లీ కట్టాను కానీ, ఆ పిల్ల ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే చెబుతున్నా, ఎంత తెలిసిన మనిషైనా రసీదు అడగండి. అడిగితే తప్పుగా అనుకునేవాళ్ల దగ్గర పిల్లల్ని చేర్చకండి.

ఇప్పుడు పూల్ నీళ్లు. మీ ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇదే, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే సరిదిద్దుకునే వీలుండదు.

నీళ్లు శుభ్రమో కాదో గట్టు మీద నిలబడే తెలుసుకోవచ్చు. లోతు వైపు వెళ్లి అడుగున నీళ్లు బయటకు పోయే జాలీ కోసం చూడండి. ఆ జాలీ గీతలు స్పష్టంగా కనిపించాలి. మసగ్గా ఉంటే ఆ రోజు పిల్లల్ని దించొద్దు. మసక నీళ్లలో రోగం మాట తర్వాత, అడుగుకు పోయిన పిల్ల పైవాళ్లకు కనిపించదు. రెండోది వాసన. ఘాటైన వాసన వస్తే ‘బాగా క్లోరిన్ వేశారు, శుభ్రంగా ఉంది’ అనుకుంటారు చాలామంది. సంగతి వేరు. శుభ్రమైన నీళ్లలో క్లోరిన్ వాసన పెద్దగా తెలియదు. చెమట, మూత్రం, ఒంటి నూనె క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే వాయువుదే ఆ ఘాటు. కళ్లు మండేది కూడా దానివల్లే. అంటే ఆ పూల్‌లోకి జనం స్నానం చేయకుండా దిగుతున్నారని అర్థం. మూడోది, పూల్ మనిషిని ‘ఇవాళ క్లోరిన్ ఎంతుంది, పీహెచ్ ఎంతుంది’ అని అడగండి. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు) మధ్య, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే సరి. బాగా నడిచే పూల్‌లో ఈ అంకెలు బోర్డు మీద రాసి పెడతారు, లేదా అడగ్గానే చెబుతారు.

మనవైపు బాధ్యత కూడా ఉంది. పొద్దున్నే తలకు కొబ్బరినూనె పట్టించి జడలేసి పిల్లల్ని పూల్‌కు పంపే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ నూనె అంతా నీళ్ల మీద తేలి ఫిల్టర్‌లో చేరుతుంది. కాటన్ బనియన్లు, నిక్కర్లు వద్దనేది కూడా అందుకే, దారాలు, రంగు వదులుతాయి. నైలాన్ కాస్ట్యూమ్, టోపీ కొనండి. దిగేముందు షవర్ కింద తల బాగా తడపండి. మామూలు నీళ్లు ముందే పీల్చుకున్న జుట్టు క్లోరిన్ నీళ్లను ఎక్కువ పీల్చుకోదు, పాప జుట్టు పాడవదు.

ఈత ఎలా నేర్పుతారో ఒక్కసారి దగ్గరగా చెబుతాను, మీరు గట్టు మీద కూర్చున్నప్పుడు ఏం చూడాలో తెలుస్తుంది. మా మనవరాలికి 7 ఏళ్లప్పుడు చేర్పించాం. మూడు రోజులు మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. కోచ్ ఆమెను నీళ్లలోకి లాగలేదు. నాలుగో రోజు జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, ఆమె మోకాళ్ల లోతున్న మెట్టు మీద వేశాడు. ‘కళ్లు తెరిచి తీస్తే అది నీదే’ అన్నాడు. పిల్ల గాగుల్స్ పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. ముక్కు దాకా ముంచి లేచింది. మూడోసారి మొత్తం తల మునిగింది, ఒక చేయి మెట్టు మీద తడుముతోంది. పైకి లేచినప్పుడు నోట్లోంచి నీళ్లు కారుతున్నాయి, పిడికిలి మాత్రం విప్పలేదు. ఆ తర్వాత గట్టు పట్టుకుని నీళ్లలో ముక్కుతో బుడగలు వదలడం, తర్వాత తేలడం, తర్వాత కాళ్లు ఆడించడం. చేతులు ఆఖరున. ఈ వరసలో నేర్పే కోచ్ మంచివాడు. మొదటి రోజే లోతులోకి తోసి ‘భయం పోతుంది’ అనేవాడి దగ్గరుంటే పిల్లను వెంటనే తీసుకొచ్చేయండి. ఆ భయం పోదు, లోపల ఉండిపోతుంది.

ఇంకొక్క మాట. నీళ్లలో మునిగే పిల్ల కేకలు వేయదు. చేతులు ఊపదు. నిలువుగా ఉండి, నోరు నీటి అంచున పైకీ కిందికీ అవుతుంటుంది, నిమిషం లోపే అయిపోతుంది. పక్కన ఇరవై మంది పిల్లల కేరింతల్లో ఎవరికీ తెలియదు. కాబట్టి మీరు గట్టు మీద ఉన్న గంటా ఫోన్ సంచిలో ఉండాలి. లైఫ్‌గార్డ్ ఉన్నాడు కదా అనుకోవద్దు, ఆయన కళ్లు రెండే. లైఫ్‌గార్డ్ లేకుండా, తాడూ ట్యూబూ కనిపించకుండా ఉన్న పూల్ ఎంత చౌకైనా వద్దు. పిల్లలకు మూర్ఛ లాంటిది ఎప్పుడైనా వచ్చి ఉంటే దాచకుండా కోచ్‌కు చెప్పండి.

షటిల్ గురించి కొద్దిగా. పాపకు ఈతతో పాటు అది కూడా పెట్టాలనుకుంటే రాకెట్ మీద డబ్బు తగలేయకండి, వెయ్యి లోపు తేలికపాటిది చాలు. డబ్బు బూట్ల మీద పెట్టండి. గమ్ సోల్ (రబ్బరు అడుగు) ఉన్న నాన్ మార్కింగ్ షూస్, అంటే కోర్టు మీద మరకలు పడనివి. పరుగు బూట్లకు మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. కోర్టులో పక్కకు దూకినప్పుడు చీలమండ మడతపడుతుంది. మొదట్లో నైలాన్ షటిల్స్ సరిపోతాయి. వాటి అడుగున రంగు పట్టీ ఉంటుంది: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్తం, ఎరుపు వేగం. మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, పైగా వేడి. పల్చటి గాలిలో షటిల్ త్వరగా పోతుంది. ఎండాకాలం ఆకుపచ్చ పట్టీదే కొనండి, లేకపోతే పిల్ల ఎంత మెల్లగా కొట్టినా అవుట్ అవుతుంది, తన తప్పనుకుని నిరుత్సాహపడుతుంది.

అయితే పాప తప్పకుండా షటిలే ఆడాలా అన్నది కూడా ఆలోచించండి. స్విమ్మింగ్, షటిల్, స్కేటింగ్, క్రికెట్ దగ్గర జనం. అదే గ్రౌండులో ఇంకో మూల ఖోఖో, కబడ్డీ, అథ్లెటిక్స్, వాలీబాల్ కోచ్‌లు పిల్లల కోసం ఎదురు చూస్తుంటారు. మంచి కోచ్‌లు. బూట్లు తప్ప ఖర్చు లేదు. నా దగ్గర ఖోఖో ఆడిన అమ్మాయిలు జిల్లా స్థాయికి, రాష్ట్ర స్థాయికి వెళ్లినంత సులువుగా క్రికెట్ అబ్బాయిలు వెళ్లలేకపోయారు. పరుగు, దూకడం బాగా వచ్చిన పిల్లలకు హకీంపేటలోని సర్కారు స్పోర్ట్స్ స్కూల్ దారి కూడా ఉంది. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. మండల, జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో పరీక్షలు పెడతారు: 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, షటిల్ రన్ (రెండు గీతల మధ్య అటూ ఇటూ పరుగు), మెడిసిన్ బాల్ (బరువైన బంతి) విసరడం, 800 మీటర్ల పరుగు లాంటివి. మీ పాపకు వయసు దాటిపోవచ్చు, బాబుకు ఇంకా రెండేళ్లుంది. అందుకోసం ఇప్పట్నుంచే రుద్దమని కాదు. దారి ఉందని మీకు తెలిసుండాలి, అంతే.

తిండి. పొద్దున 6కి గ్రౌండుకు పోయే పిల్ల ఖాళీ కడుపుతో పోవద్దు. అరటిపండో, గ్లాసెడు రాగి జావో. వచ్చాక ఇడ్లీ, గుడ్డు. సీసాలో నీళ్లు, ఎండాకాలం ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. రంగు డ్రింకులు అవసరం లేదు.

ఆడపిల్ల కాబట్టి ఈ రెండు మూడు కూడా చూసుకోండి. బట్టలు మార్చుకునే గదికి లోపలి గొళ్లెం సరిగ్గా పడుతుందా? పూల్‌లో లేడీస్ బ్యాచ్ ఏ వేళకు, లేడీ కోచ్ ఉన్నారా? చలికాలం త్వరగా చీకటి పడుతుంది, గేటు నుంచి రోడ్డు దాకా లైట్లు వెలుగుతున్నాయా? వెలగకపోతే ఊరుకోవద్దు. జీహెచ్ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణిలో (అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) కాగితం ఇవ్వండి. ఒక్కరే కాకుండా నలుగురు తల్లులు కలిసి సంతకాలు పెడితే పని త్వరగా అవుతుంది. మా గ్రౌండులో అమ్మాయిల బాత్‌రూమ్ తలుపు అలాగే వచ్చింది, ఆరుగురు తల్లుల సంతకాలతో. అప్పటికీ కాకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు ఉంది. ఈ గ్రౌండుకు మరమ్మతులకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. కోపంగా రాయకండి, పద్ధతిగా రాయండి. అక్కడ పనిచేసేవాళ్లు చాలామంది తక్కువ జీతాల మీద పొద్దున్నే 5కి వచ్చి గేటు తీసే మనుషులు. వాళ్లు మీ పిల్లల్ని పేరు పెట్టి పిలిచే స్థితి రావాలి.

అత్తగారి మోకాళ్లు. డాక్టర్ వద్దనకపోతే ఆమెకు ఆ ఆవరణలో అన్నిటికన్నా మేలు చేసేది పూల్ లోతు తక్కువ వైపు. ఈత అక్కర్లేదు, నీళ్లలో నడవడం చాలు. నడుము దాకా నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగమవుతుంది, ఛాతీ దాకా అయితే ఇంకా తగ్గుతుంది. రోడ్డు మీద పది అడుగులకు నొప్పి అనే మోకాలు నీళ్లలో వంద అడుగులు వేస్తుంది. మా గల్లీలో ఒక పెద్దమ్మ ఉండేది, మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగేది. లేడీస్ బ్యాచ్‌లో చేర్పించారు కోడలు. చీరతో దిగనివ్వరంటే, మోకాళ్ల దాకా ఉండే నైలాన్ డ్రెస్ కుట్టించారు. మొదటి రోజు కడ్డీ వదల్లేదు, 8 నిమిషాలు నిలబడి వచ్చేసింది. వారానికి కడ్డీ మీద ఒక చేయి. నెలకు చేతులు రెండూ నీళ్లలో ఊపుతూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు. నొప్పి మాయమైందని చెప్పను. సంక్రాంతికి మెట్లు ముందుకు తిరిగి దిగింది, అది నేను చూశాను. అత్తగారికి బీపీ, షుగర్ మందులుంటే అవి వేసుకున్న వేళ, తిన్న వేళ కోచ్‌కు చెప్పండి. తడి గట్టు మీద జారడమే పెద్ద ప్రమాదం, కాబట్టి రబ్బరు చెప్పులు, పక్కన మీరు. పూల్ కుదరకపోతే కాలనీ హాల్లో కుర్చీ యోగా అడగండి. పార్కుల్లోని ఓపెన్ జిమ్ పరికరాల మీదికి మాత్రం మోకాళ్ల నొప్పులున్న ఆమెను ఎక్కించొద్దు. ఊపు మీద ఆగడం రాక పడిపోయినవాళ్లను చూశాను.

ఇక బాబు. ఆరేళ్ల పిల్లగాడికి ఆట ఏదో మీరు ముందే నిర్ణయించకండి. జూన్ మూడో వారంలో ఒక సాయంత్రం అక్కను దింపడానికి వెళ్లినప్పుడు వాణ్ని కూడా తీసుకెళ్లి గట్టు మీద కూర్చోబెట్టండి. ఓ గంట ఏమీ చెప్పొద్దు. షటిల్ హాలు తలుపు దగ్గర నిలబడతాడో, కబడ్డీ మట్టి వైపు పరుగెత్తుతాడో, వాలీబాల్ బయటకు వస్తే తెచ్చి ఇస్తాడో చూడండి. రెండు మూడు సాయంత్రాలు ఒకే మూలకు పోతుంటే, ఆ మూల కోచ్ దగ్గరికి వెళ్లి ఫారం అడగండి.